సెల్‌ఫోనులో బాంకు ఖాతా: రోజువారీ ఖర్చుకు ఎంతవరకు?

పరీక్ష ఫీజు కట్టడానికి అది ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు దాటింది. ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు మా డిపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర వచ్చి నిలబడ్డాడు. "సార్, ఒక రెండు వేలు సర్దుతారా? ఖాతాలో డబ్బుంది, కాని పోవడం లేదు" అన్నాడు. ఫోను తీసి చూపించాడు. ఏడువేల ఎనిమిది వందల చిల్లర శుభ్రంగా కనబడుతోంది. దాని కిందనే ఎర్ర అక్షరాల్లో, మీ గుర్తింపు పరిశీలన పూర్తి కానందున చెల్లింపులు నిలిపివేశాము అని ఉంది. అద్దంలో చందమామ అన్నమాట. కంటికి కనబడుతుంది, చేతికి రాదు.

ఫీజు సంగతి ఎలాగో సర్దుకుంది. ఆ సాయంత్రం కుర్రవాడు మళ్ళీ వచ్చి, "మరి ఇది మంచి ఖాతానా, చెడ్డ ఖాతానా? ఉంచుకోవాలా, తీసెయ్యాలా?" అని అడిగాడు. ప్రశ్న సూటిగానే ఉంది. కామర్సు పాఠం చెప్పేవాణ్ణి అయివుండి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అతనికోసం రాసుకున్న నోట్సే ఈ వ్యాసం. హాస్టల్లో పదిమందిలో ఎనిమిదిమంది ఫోనుల్లో ఇటువంటి ఖాతా ఏదో ఒకటి ఉంటుంది గనుక తక్కినవారికీ పనికివస్తుందని సంచికకు ఇస్తున్నాను.

ముందుగా మన పూర్వ విద్యార్థులకు ఒక మాట. మీ రోజుల్లో ఖాతా తెరవాలంటే ఆ బాంకులో అప్పటికే ఖాతా ఉన్న పెద్దమనిషి ఎవరైనా పరిచయ సంతకం పెట్టాలి. పదో తారీఖు లోపల డబ్బు వేస్తేనే ఆ నెలకు వడ్డీ. ఆ పదో తారీఖు లెక్క 2010 ఏప్రిల్ 1తో పోయింది. ఇప్పుడు ఏ రోజు నిల్వకు ఆ రోజు వడ్డీ కడతారు. సేవింగ్సు వడ్డీ ఎంత ఉండాలో రిజర్వు బాంకు నిర్ణయించే పద్ధతి కూడా 2011 అక్టోబరులో పోయి, ఏ బాంకు రేటు ఆ బాంకుదే అయింది. ఇక పరిచయ సంతకం స్థానంలో ఆధార్ సంఖ్య, ఫోనుకు వచ్చే ఓటీపీ వచ్చాయి. క్యాంటీనులో టీ చల్లారేలోగా ఖాతా తెరవవచ్చు. ఇది చిన్న మార్పు కాదు. బాంకు గుమాస్తా ముందు నిలబడడానికి జంకే పల్లెటూరి పిల్లవాడికి ఇది నిజంగా మేలే చేసింది. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, కొత్తది కనుక చెడ్డది అనే ధోరణి నాది కాదు.

పద్దు ఎవరి పుస్తకంలో?

బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బాంకులో కలిసిపోయింది. అంతకు మూడేళ్ళ ముందు, 2017 ఏప్రిల్ 1న, స్టేట్ బాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బాంకులో కలిసింది. వీధిలో బోర్డులు మారాయి, పాసుపుస్తకాల అట్టలు మారాయి. అయినా ఎవరి డబ్బూ పోలేదు. ఎందుకంటే డబ్బు బోర్డులో ఉండదు, పద్దులో ఉంటుంది. ఆ పద్దు ఒక బాంకు పుస్తకం నుంచి మరొక బాంకు పుస్తకానికి చట్టప్రకారం బదిలీ అయింది.

ఫోనులో కనబడే యాప్ కూడా బోర్డు వంటిదే. కొత్త ఖాతాను తూచేటప్పుడు మొట్టమొదట అడగవలసింది వడ్డీ ఎంత అని కాదు, బహుమతులు ఏమిటని అంతకన్నా కాదు. నా పద్దు ఎవరి పుస్తకంలో ఉంది? ఈ ప్రశ్నకు మన దేశంలో నాలుగు రకాల జవాబులున్నాయి.

మొదటిది, బాంకు తానే నడిపే యాప్ ఖాతా. 2016లో డి.బి.ఎస్. బాంకు తెచ్చిన డిజిబాంకు, 2017 మార్చిలో కోటక్ మహీంద్రా తెచ్చిన 811 ఈ కోవలోవి. (పెద్దనోట్లు రద్దయిన నవంబరు 8, అంటే 8-11, అందులోంచే 811 అన్న పేరు వచ్చింది.) ఇక్కడ బోర్డూ పద్దూ ఒకరివే.

రెండవది, యాప్ ఒకరిది, బాంకు ఇంకొకరిది. జూపిటర్, ఫై అనే పేర్లతో వచ్చిన యాప్‌లలో తెరిచిన సేవింగ్సు ఖాతా నిజానికి ఫెడరల్ బాంకు ఖాతా. శాఖలు లేని, కేవలం ఫోను మీదే నడిచే బాంకులకంటూ రిజర్వు బాంకు ప్రత్యేక లైసెన్సు ఇచ్చే పద్ధతి పెట్టలేదు. అంచేత ఇటువంటి సంస్థలు ఏదో ఒక బాంకు నీడన ఉండవలసిందే. మా విద్యార్థిని మీ బాంకు ఏదిరా అని అడిగితే యాప్ పేరే చెప్పాడు. ఖాతా సంఖ్యతోపాటు ఉండే ఐ.ఎఫ్.ఎస్. కోడు మొదటి నాలుగు అక్షరాలు చూడమన్నాను. ఆ నాలుగు అక్షరాలే బాంకును పట్టి ఇస్తాయి. చూసి, "అరె, ఇది ఆ బాంకా!" అని ఆశ్చర్యపోయాడు. సంవత్సరంపాటు తన డబ్బు ఎక్కడుందో అతనికి తెలియదన్నమాట.

మూడవది పేమెంట్స్ బాంకు. వీటికి 2015లో రిజర్వు బాంకు సూత్రప్రాయంగా అనుమతులిచ్చింది. ఇవి అప్పులివ్వరాదు. రోజు ముగిసేసరికి ఒక్కొక్కరి ఖాతాలో ఉండదగిన సొమ్ము మొదట లక్షే, 2021 ఏప్రిల్‌లో రెండు లక్షలకు పెంచారు. నాలుగవది వాలెట్. ఇది అసలు ఖాతాయే కాదు, ముందుగా డబ్బు కట్టి కొనుక్కున్న కూపన్ల పుస్తకం వంటిది.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, చిక్కు వచ్చినప్పుడు. మన బాంకుల్లో డిపాజిట్లకు బీమా ఉన్నది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బాంకు పడిపోయిన తరువాత చట్టం చేసి, 1962 జనవరి 1 నుంచి ఒక్కొక్క డిపాజిటరుకు 1,500 రూపాయల దాకా బీమా పెట్టారు. అది పెరుగుతూ 1993లో లక్షకు, 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలకు చేరింది. 2001లో హైదరాబాదులో కృషి సహకార అర్బన్ బాంకు మూతపడ్డప్పుడు ఈ బీమా విలువ ఏమిటో మన పెద్దవాళ్ళలో చాలామందికి తెలిసివచ్చింది. యాప్ ఖాతాకు కూడా ఈ బీమా వర్తిస్తుంది, కాని యాప్ వల్ల కాదు, వెనకనున్న బాంకు వల్ల. ఒకే బాంకు నీడలో రెండు యాప్‌లుంటే, రెండిట్లో ఉన్న మీ డబ్బూ కలిపే 5 లక్షల లెక్క. బాంకేతర సంస్థల వాలెట్‌లో మిగిలిన సొమ్ముకు ఈ బీమా లేదు. విద్యార్థి దగ్గర 5 లక్షలెక్కడివి అని నవ్వకండి. మధ్యవర్తి ఉన్నచోట తగాదా బీమా పరిమితి గురించి రాదు, చిట్టా ఎవరి దగ్గర ఉందన్న దాని గురించి వస్తుంది.

ఈ సంగతి అమెరికాలో 2024లో బయటపడింది. మన పిల్లలు ఎం.ఎస్. చదువులకు వెళ్ళే దేశం గనుక చెబుతున్నాను. అక్కడ అనేక యాప్‌ల ఖాతాదారుల సొమ్ము బాంకుల్లో ఉమ్మడి ఖాతాలలో ఉండేది. అందులో ఎవరిది ఎంత అన్న చిట్టా సినాప్స్ అనే మధ్యవర్తి సంస్థ దగ్గర ఉండేది. ఆ సంస్థ దివాలా తీసింది. దాని చిట్టాకూ బాంకుల లెక్కకూ పొంతన కుదరలేదు. తేడా ఆరున్నర కోట్ల నుంచి తొమ్మిది కోట్ల అరవై లక్షల డాలర్ల దాకా ఉంటుందని తేలింది. లక్షకు పైగా మనుషులు నెలల తరబడి తమ డబ్బు తీసుకోలేకపోయారు. బాంకు మునగలేదు, అంచేత బీమా పలకలేదు. మన దేశంలో ఖాతా బాంకు పుస్తకంలో మన పేరుమీదే ఉంటుంది గనుక ఇంత ప్రమాదం లేదు. అయినా యాప్‌ను చూసి బాంకు అనుకోరాదన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

మన దగ్గర జరిగినవి వేరే రకం. 2020 మార్చి 5న యెస్ బాంకు మీద మారటోరియం విధించి, ఒక్కొక్కరు 50,000 రూపాయలకు మించి తీయరాదన్నారు. ఆ రాత్రి నుంచి ఫోన్‌పే ఆగిపోయింది. ఆ యాప్ యూపీఐ చెల్లింపులు యెస్ బాంకు ద్వారా నడిచేవి. స్టేట్ బాంకులో డబ్బు నిక్షేపంగా ఉన్నవాడు కూడా ఫోన్‌పేతో పాలవాడికి ఇవ్వలేకపోయాడు. మారటోరియం ఆ నెల 18న తొలగింది. మరొకటి, 2024 జనవరి 31న రిజర్వు బాంకు పేటీఎం పేమెంట్స్ బాంకు ఖాతాలలో కొత్తగా డబ్బు జమచేసుకోరాదని ఉత్తర్వు ఇచ్చింది. గడువు మార్చి 15 దాకా పొడిగించింది. ఉన్న డబ్బు తీసుకోవచ్చు, వాడుకోవచ్చు, కాని జీతమో సబ్సిడీయో ఆ ఖాతాకు వచ్చేవాళ్ళంతా వేరే బాంకు వెతుక్కోవలసివచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే కోటక్ బాంకు ఫోను ద్వారా, ఆన్‌లైనులో కొత్త ఖాతాదారులను చేర్చుకోరాదని ఆంక్ష పెట్టారు. పాతవారికి సేవలు ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో ఆంక్ష తీసేశారు. ఇందులో ఎవరి డబ్బూ పోలేదు. పోయినవల్లా రోజులు. పరీక్ష ఫీజు ఆఖరి రోజున రోజు కూడా డబ్బే.

ఉచితం అంటే

"సార్, ఇందులో కనీస నిల్వ లేదు, పైగా ఏడు శాతం వడ్డీ" అని నాకు చెప్పినవాళ్ళున్నారు. సరే, లెక్క వేద్దాం. రోజువారీ ఖర్చు ఖాతాలో ఒక హాస్టలు విద్యార్థి నిల్వ సగటున 2,000 రూపాయలనుకోండి. 2025 జూన్ నుంచి స్టేట్ బాంకు ఇస్తున్న 2.5 శాతం ప్రకారం ఏడాదికి 50 రూపాయలు. ఏడు శాతమే వచ్చిందనుకున్నా 140. తేడా 90 రూపాయలు, అంటే నెలకు ఏడున్నర. మన క్యాంటీనులో ఒక టీ రాదు. పైగా ఆ ఏడు శాతం సాధారణంగా పెద్ద నిల్వల మీదనే గాని మొదటి రూపాయి నుంచి కాదు. ఖర్చు ఖాతాకు వడ్డీ చూసి మురిసిపోవడం, బకెట్టు కొనేటప్పుడు దాని బరువు చూసి కొన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు రెండో పక్క. ఏ.టి.ఎం.లు సొంతంగా లేని, లేదా మన ఊళ్ళో లేని బాంకు ఖాతా అయితే, ఎక్కడ డబ్బు తీసినా అది పరాయి బాంకు యంత్రమే. పరాయి యంత్రంలో నెలకు ఉచితం హైదరాబాదు వంటి మెట్రో నగరాల్లో 3 సార్లు, విశాఖపట్నం, వరంగల్, తిరుపతి వంటి చోట్ల 5 సార్లు. నిల్వ ఎంతో చూసుకుని చీటీ తీసుకోవడం కూడా ఒక సారి కిందే లెక్క. ఆపైన 2025 మే నుంచి ఒక్కొక్క సారికి 23 రూపాయల దాకా వసూలు చేయవచ్చు. 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 27 రూపాయల 14 పైసలు. నాలుగు నెలల వడ్డీ తేడా ఒక్క మీట నొక్కుడుతో సరి. ఇక అందంగా ఉందని తెప్పించుకున్న కార్డుకు సాలీనా రుసుము ఉన్నదో లేదో రుసుముల పట్టికలో వెతికి చూడాలి. ప్రకటనలో ఆ పంక్తి ఉండదు.

కనీస నిల్వ బాధ తప్పించుకోవడానికి యాప్ ఖాతాయే అక్కరలేదని కూడా తెలియాలి. స్టేట్ బాంకు 2020లోనే సేవింగ్సు ఖాతాలకు ఆ నిబంధన తీసేసింది. కెనరా బాంకు 2025లో తీసేసింది. అదిగాక ఏ బాంకులోనైనా నిల్వ నిబంధనలేని ప్రాథమిక సేవింగ్సు ఖాతా అడిగి తెరిపించుకోవచ్చు. కౌంటరు దగ్గర వాళ్ళంతట వాళ్ళు చెప్పరు గాని, అడిగితే కాదనరాదు.

అర్థశాస్త్రం చదివే విద్యార్థి ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. టీ కొట్టులో 12 రూపాయలు యూపీఐలో కట్టినందుకు బాంకుకు వచ్చేదేమిటి? 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులమీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోరాదని నియమం పెట్టారు. మరి యాప్ ఇన్ని హంగులు ఎందుకు చేస్తుంది? దాని ఆదాయం మన ఖర్చులో లేదు, మన కొరతలో ఉంది. నెలాఖరున నిల్వ వంద రూపాయలకు దిగగానే, మీకు పదివేలు సిద్ధంగా ఉన్నాయి అనే సందేశం వస్తుంది. అప్పు, ఇప్పుడు కొని తరువాత కట్టడం, క్రెడిట్ కార్డు, బీమా, వీటిమీద నడుస్తుంది ఆ వ్యాపారం. ఇందులో మోసం లేదు, బాంకు పుట్టిందే అప్పులివ్వడానికి. కాని డిగ్రీ చదువుతుండగా తీసుకుని మరచిపోయిన రెండువేల అప్పు సిబిల్ చిట్టాకెక్కి, ఉద్యోగం వచ్చాక ఇంటి అప్పుకో, చెల్లెలి చదువు అప్పుకో వెళ్ళినప్పుడు ఎదురుగా నిలబడుతుంది. నాకు తెలిసిన పూర్వ విద్యార్థికి అలా జరిగింది. అతను అది అప్పు అని కూడా అనుకోలేదట, యాప్‌వాళ్ళు ఇచ్చిన బహుమతి అనుకున్నాడట!

మా కుర్రవాడి ఖాతా ఎందుకు ఆగింది?

బాంకు మనిషి ఎదురుపడకుండా, కేవలం ఆధార్ ఓటీపీతో తెరిచిన ఖాతాకు రిజర్వు బాంకు హద్దులు పెట్టింది. నిల్వ లక్షకు మించరాదు. ఆర్థిక సంవత్సరం మొత్తం మీద జమలు రెండు లక్షలు దాటరాదు. అన్నిటికన్నా ముఖ్యం, సంవత్సరంలోగా పూర్తి గుర్తింపు పరిశీలన జరగకపోతే ఖాతా నడవదు. ఈ పరిశీలన శాఖకు వెళ్ళయినా చేయించుకోవచ్చు, 2020 జనవరి నుంచి వీడియో ద్వారానూ చేయవచ్చు. మావాడు నిరుడు అడ్మిషన్ల రోజుల్లో వంద రూపాయల క్యాష్‌బ్యాక్ కోసం ఖాతా తెరిచాడు. యాప్ గుర్తుచేస్తూనే ఉంది. అప్పుల సందేశాలతో విసిగి అన్ని సందేశాలూ ఆపేశాడు గనుక ఇదీ చూడలేదు. సరిగ్గా ఏడాది నిండింది. బాంకు నియమం పాటించింది. తప్పు ఎవరిదంటే ఏమి చెప్పగలం? నూరు ప్రకటనల మధ్య ఒక హెచ్చరికను పెట్టినవాడిది కొంత, నూరూ ఒకటే అనుకున్నవాడిది కొంత.

శాఖ ఉన్న బాంకైతే ఆ మధ్యాహ్నం పరుగెత్తివెళ్ళి మేనేజరుగారిని బతిమాలుకునేవాడు. ఇక్కడ బతిమాలుకోవడానికి మనిషి లేడు. ప్రశ్న టైపు చేస్తే యంత్రం అవే నాలుగు జవాబులు తిప్పితిప్పి ఇచ్చింది. రుసుముల పట్టికలో కనబడని ఖరీదు ఇది.

ఆధార్ ముడి

స్కాలర్‌షిప్పు తీసుకునే విద్యార్థులు ఈ భాగం రెండుసార్లు చదవాలి. ఆధార్ సంఖ్యను గుర్తింపుగా ఎన్ని బాంకుల్లోనైనా ఇవ్వవచ్చు. కాని ప్రభుత్వం ఆధార్ ఆధారంగా పంపే నగదు ఒక్క బాంకుకే వెడుతుంది. ఏ ఆధార్‌కు ఏ బాంకు అన్న పట్టిక నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దగ్గర ఉంటుంది. ఆ పట్టికలో చివరగా ఎక్కినదే చెల్లుతుంది. కొత్త యాప్ ఖాతా తెరిచేటప్పుడు, ప్రభుత్వ సబ్సిడీలు ఈ ఖాతాకు రావడానికి సమ్మతిస్తున్నాను అనే పంక్తి దగ్గర టిక్కు పెట్టారంటే, ఆ ఏటి స్కాలర్‌షిప్పు పాత ఖాతాకు రాదు. అమ్మ ఫోనులో సరదాకు ఖాతా తెరిచి ఇస్తే గ్యాస్ సబ్సిడీ దారి మారుతుంది.

ఇది ఊహ కాదు. 2017లో ఎయిర్‌టెల్ వారు సిమ్ కార్డులకు ఆధార్ పరిశీలన చేసేటప్పుడు, సరైన సమ్మతి లేకుండా అనేకమందికి తమ పేమెంట్స్ బాంకులో ఖాతాలు తెరిచారు. వారి గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాల్లో పడింది. ఆధార్ ప్రాధికార సంస్థ ఆ డిసెంబరులో వారి అనుమతిని నిలిపివేసింది. 2018 మార్చిలో రిజర్వు బాంకు 5 కోట్ల జరిమానా వేసింది. ఇప్పుడు ఏ బాంకుతో ముడిపడి ఉందో ఆధార్ సంస్థ వెబ్‌సైటులో ఎవరికివారు చూసుకోవచ్చు. ఇది చదవడం ఆపి ఇప్పుడే చూసుకున్నా నాకు కోపం లేదు.

అద్దె ఖాతా

ఇంకొక విషయం రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఖాతా తెరవడం సులువైన కొద్దీ, ఖాతాను అద్దెకు అడిగేవాళ్ళు క్యాంపస్‌ల చుట్టూ తిరుగుతున్నారు. "తమ్ముడూ, నీ పేరుమీద ఒక ఖాతా తెరిచి కార్డూ సిమ్మూ ఇవ్వు, నెలకు ఐదువేలు" అంటారు. లేదా, "నీ ఖాతాలో కొంత డబ్బు పడుతుంది, రెండు శాతం ఉంచుకుని మిగతాది పంపు" అంటారు. ఆ డబ్బు ఎక్కడో ఒక రిటైరయిన మేష్టారిని బెదిరించి లాగినది. ఆయన 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వగానే పోలీసులు డబ్బు పోయిన దారినే వస్తారు. ఆ దారిలో మొదట కనబడే పేరు మన విద్యార్థిది. అసలు దొంగ పేరు ఎక్కడా ఉండదు. ఇటువంటి ఖాతాలను కనిపెట్టడానికి రిజర్వు బాంకు అనుబంధ సంస్థ మ్యూల్‌హంటర్ అనే యంత్ర పద్ధతిని 2024 డిసెంబరు నుంచి బాంకులకు అందిస్తోంది. ఖాతా స్తంభించడం, కేసు, పాస్‌పోర్టు విచారణలో చిక్కు, ఇవన్నీ ఐదువేలకు! తోటి విద్యార్థి సీనియరే అడిగినా సరే, కార్డూ పిన్నూ చేతికివ్వకండి.

తప్పు జరిగితే

ఒకరికి పంపిన యూపీఐ డబ్బు మన ఖాతాలో కోతపడి, వారికి చేరకపోతే, మరుసటి రోజుకల్లా తిరిగి జమకావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ 2019 సెప్టెంబరు ఉత్తర్వు. అడగనిదే ఈ వంద ఇస్తారని ఆశించకండి. మన ప్రమేయం లేకుండా ఎవరో డబ్బు లాగితే, మూడు పనిదినాల్లోగా బాంకుకు తెలిపినవారికి నష్టం లేకుండా చేయాలని 2017 జూలై ఉత్తర్వులో ఉంది. మనమే పిన్ చెబితే మాత్రం, తెలియజేసేదాకా పోయినదంతా మనదే. ఫిర్యాదు యాప్ పేరున కాక, వెనకనున్న బాంకు పేరున, నంబరు వచ్చేలా రాయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వెళ్ళవచ్చు.

నేను మా కుర్రవాడికి చెప్పిన పద్ధతి

ఖాతా తీసెయ్యనక్కరలేదు, గాదె వేరు జేబు వేరు అని చెప్పాను. శాఖ ఉన్న బాంకు ఖాతా గాదె. స్కాలర్‌షిప్పు, ఇంటి నుంచి వచ్చే డబ్బు, ఫీజులు, మెస్ బిల్లు అక్కడినుంచే. ఆధార్ ముడి అక్కడే. యాప్ ఖాతా జేబు. ఉదాహరణకు ఇంటి నుంచి 6,000 వస్తే 3,500 మెస్సుకు గాదెలోనుంచే కట్టాలి. మిగిలిన 2,500లో ఆదివారం ఆదివారం 600 చొప్పున జేబులోకి మార్చుకోవాలి. ఐదు ఆదివారాల నెల అయితే 500. గురువారానికే జేబు ఖాళీ అయితే ఆదివారం దాకా ఖాళీగానే ఉండనివ్వాలి. వెనకటికి ఐదు వందల నోటు మార్చాలంటే చెయ్యి కాస్త వెనకాడేది. ఆ వెనకాటు ఫోనులో లేదు. ఈ ఆదివారం హద్దు దాని స్థానంలో పెట్టుకున్నది. ఫోను పోయినా, దొంగ పిన్ కనిపెట్టినా పోయేది ఆ వారం డబ్బే.

టీలు, జిరాక్సులు, ఆటో చార్జీలకు యూపీఐ లైట్ వాడుకోవచ్చు. 5,000 దాకా అందులో ఉంచుకుని వెయ్యి లోపు చెల్లింపులు పిన్ లేకుండా చేయవచ్చు. అయితే అందులోకి మార్చిన సొమ్ముకు వడ్డీ లేదు. పైగా బాంకు స్టేట్‌మెంటులో లైటుకు మార్చిన మొత్తమే కనబడుతుంది, విడివిడి టీలు కనబడవు. లెక్క రాసుకునే అలవాటున్నవాడికి ఇది చిక్కు, లేనివాడికి ఇంకా పెద్ద చిక్కు.

నామినీ పేరు తప్పక రాయమన్నాను. పాసుపుస్తకం ఇంట్లో పెట్టెలో ఉంటే అమ్మానాన్నలకు ఖాతా ఉన్నదని తెలుస్తుంది. ఫోనులోని ఖాతా ఉన్నట్టు ఫోనుకు తప్ప ఎవరికీ తెలియదు. రెండేళ్ళు వాడకపోతే అది నిద్రాణ ఖాతా అవుతుంది. పదేళ్ళు దాటితే సొమ్ము రిజర్వు బాంకు నిధికి వెడుతుంది. వారసులు అప్పుడు కూడా అడిగి తీసుకోవచ్చు, కాని ఉందని తెలిస్తే కద!

తీసెయ్యదలచినవాళ్ళు యాప్‌ను ఫోను నుంచి తొలగిస్తే ఖాతా పోయిందనుకుంటారు. పోదు. ముందు ఆధార్ ముడి పాత బాంకుకు మార్చుకోవాలి. లైటులో ఉన్నది వెనక్కి తీసుకోవాలి. నెలనెలా కోతపడే ఆటోపేలు రద్దుచేయాలి. సంవత్సరం స్టేట్‌మెంటు దింపుకుని, మిగిలినది బదిలీ చేసి, ఖాతా మూసివేయమని బాంకుకు రాసి, మూసినట్టు జవాబు తీసుకుని దాచుకోవాలి. మా కుర్రవాడు మాత్రం ఉంచుకున్నాడు. హాస్టల్లో నెట్‌వర్కు అందక వీడియో పరిశీలన నాలుగుసార్లు తెగిపోయిందట. ఐదోసారి లైబ్రరీ మెట్లమీద కూర్చుని పూర్తిచేశాడు. నా రెండువేలూ ఆ మరునాడే పంపాడు, పాత ఖాతాలోంచి.